బావి సందులో పాత జాంగ్

జూన్ 29

వాన మొదలైంది. జాడీ బాగానే ఉంది.

మూత తీసి వేలు ముంచి నాకి చూశాను. కాస్త చప్పగా అనిపించింది గానీ అది నా జలుబు. రొంప పట్టినప్పుడు ఏ నాలుక నిజం చెప్తుంది?

ఇంట్లో చెప్పుకోవడానికి మనిషి లేక ఇలా రాసుకుంటున్నాను. మా ఆయనతో చెప్పడం, ఆయన నడిపే బస్సు స్టీరింగుతో చెప్పడం ఒకటే. అత్తగారు పోయిన చలికాలంలో కన్నుమూసింది. "జాంగ్ రుచి మారితే ఇల్లు కూలుతుందే మ్యోంగ్రే" అని నేను కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ చెవినిల్లు కట్టుకుని పోరింది మహాతల్లి. ఇప్పుడు ఆ జాడీ నా నెత్తిన పడింది.

ఏటా సోయా ముద్దలు ఉప్పునీళ్ళలో నానేయడం, ఊరిన నల్లటి నీళ్ళు వడకట్టి మరిగించడం, పాత జాడీలో కలపడం. అదీ జాంగ్. జాడీ ఎన్నడూ ఖాళీ కాకూడదు. ఆవిడకి వాళ్ళత్తగారు ఇచ్చింది, వాళ్ళత్తగారికి వాళ్ళత్తగారు. పెద్దలకి పెట్టుకునే చుసోక్ పండక్కి ముందు సందులో ప్రతి ఇంటికీ గిన్నెడు పంచిపెట్టేది. ఎదురింటి యోసు ఊరి అమ్మమ్మకి మాత్రం ఇచ్చేది కాదు. ఆ ఇంటికీ మాకూ మాటల్లేవు. నేను వచ్చేసరికే లేవు. ఎందుకని అడిగితే, "ఆ దక్షిణపు వాళ్ళది వంటా? ఉప్పు కషాయం!" అని మూతి తిప్పేది.

ఈ ఏడు మొదటిసారి నేనొక్కదాన్నే జాంగ్ పెట్టాను. ఉప్పునీళ్ళలో గుడ్డు వేస్తే నాణెమంత పైకి తేలాలి. గోరంత తేలగానే ఆపేశాను. మా ఆయనకి బీపీ. డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు. గోరంత ఉప్పుకి ఏమవుతుంది?

జూలై 3

వాన. బాగానే ఉంది.

జూలై 11

పైన తెట్టు కట్టింది. తెల్లగా, పల్చగా. మామూలే. వానాకాలంలో ఎవరి జాంగ్ మీదైనా తెట్టు వస్తుంది. గరిటెతో తీసి పారేశాను.

టూరిస్టులకి సందు చూపించే పసుపు జెండా పెద్దమనిషి ఇవాళ కూడా గొడుగుల గుంపుని వెంటేసుకుని మా గుమ్మం ముందుకొచ్చాడు. "ఈ తలుపు వెనక నూట యాభై ఏళ్ళ జాంగ్ ఉంది! రాజుగారి వంటింటి నుంచి వచ్చింది!" పోయిన నెలలో అది వందేళ్ళే. అసలు ఈ ఇళ్ళకే వందేళ్ళు లేవు. ఎవరో గొప్పవాళ్ళ లోగిలిని మేస్త్రీ ముక్కలు కోసి అమ్మితే పుట్టిన సందు ఇది. మా చూరూ పక్కింటి చూరూ రాసుకుంటాయి. రాజుగారి వంటవాడు ఇటు రావాలన్నా పక్కకి తిరిగి నడవాలి.

తలుపు తీసి, "అయ్యా, కాస్త మెల్లగా. ఇళ్ళల్లో మనుషులున్నాం" అన్నాను.

"ఇదుగో, జాంగ్ కాపాడే తల్లి ఈవిడే!" అన్నాడు. అందరూ ఫొటోలు తీశారు. నా చేతిలో తెట్టు తీసిన గరిటె ఉంది.

జూలై 12

మళ్ళీ తెట్టు. మామూలే.

జూలై 24

ఇస్త్రీ షాపు ఓక్హీ వచ్చింది. "అక్కా, ఒక్క గరిటెడు పాత జాంగ్ పెడుదూ. మా అల్లుడొస్తున్నాడు."

"ఇవాళ మూత తియ్యకూడదు."

"ఏం?"

"రోజు మంచిది కాదు. పంచాంగం చూశాను."

"అబ్బో, అత్తగారు పోయి మళ్ళీ అత్తగారే వచ్చింది!" అని నవ్వింది. "సరేలే, చుసోక్‌కి మాత్రం మా గిన్నె మర్చిపోకు. ఆ జాంగ్ పడకపోతే చేమదుంపల చారు మా ఇంట్లో ఎవరూ ముట్టరు."

నవ్వాను. దొంగకి తేలు కుట్టినట్టు నవ్వాను.

రాత్రి భోజనంలో మా ఆయన్ని అడిగాను, చారు ఎలా ఉందని.

"చారులా ఉంది" అన్నారు.

ఆగస్టు 8

ఎండ కాసింది. మూత తీస్తే పుల్లటి వాసన.

నా ముక్కు ఈ మధ్య బాగా లేదు. అయినా జాగ్రత్తగా ఉంటే తప్పేముంది? జాడీ మెడకి కొత్త గడ్డితాడు పేని, ఎండుమిరపకాయలు, బొగ్గుముక్కలు గుచ్చి కట్టాను. తెల్లకాగితం మేజోడు కత్తిరించి తలకిందులుగా అతికించాను. చెడు ఏదైనా లోపలికి కాలు పెట్టబోతే ఆ మేజోట్లోకి జారి పడుతుందట. తర్వాత జాంగ్ అంతా తోడి మరిగించి, చల్లార్చి, రెండు గుప్పిళ్ళ ఉప్పు వేసి మళ్ళీ పోశాను.

ఇంక సర్దుకుంటుంది.

ఆగస్టు 9

సర్దుకుంది.

ఆగస్టు 10

సర్దుకోలేదు.

ఆగస్టు 23

రాయకపోతే జరగనట్టే అనుకున్నాను. జాంగ్ పోయింది. పులిసి, బూజుపట్టి, లోపలికంటా పోయింది. నేనే పోగొట్టాను.

పొద్దున బోక్సున్ వదిన ఫోను చేసింది. మా ఆయన అక్క. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు, ఈవిడ మొగుడున్నర. "అమ్మ లేని మొదటి చుసోక్. ముందురోజే వస్తా. అమ్మ ముందు పెట్టే చారులో మన జాంగ్ తప్ప ఇంకోటి పడకూడదు. తెలిసిందా?"

"తెలిసింది వదినా."

"జాడీ ఎలా ఉంది?"

"బాగానే ఉంది."

ఫోను పెట్టేసి, అత్తమీద కోపం దుత్తమీద చూపించాను. వంటింట్లో మూకుడు విసిరితే మా ఆయన పరిగెత్తుకొచ్చారు. చెప్పేశాను. మీ బీపీ కోసమే ఉప్పు తగ్గించాను, మీ కోసమే మీ అమ్మ జాడీ తగలబెట్టాను అని ఏడ్చాను.

ఆయన మూకుడు తీసి గూట్లో పెట్టి, "డిపో పక్కన దుకాణంలో..." అన్నారు.

"దుకాణంలో?"

"రోజూ మధ్యాహ్నం నూడుల్సు తింటున్నాను. బాగా ఉప్పుగా ఉంటాయి."

ఇంకో మూకుడు కూడా విసిరాను.

ఇల్లు కూలుతుందంటే గోడలు కూలుతాయని కాదని ఇప్పుడు తెలుస్తోంది. సందు చివరింటి వాళ్ళు ఇల్లు కాఫీ హోటలుకి అప్పజెప్పి వెళ్ళిపోయారు. ఆ హోటలువాళ్ళు వీళ్ళ జాంగ్ జాడీలు గుమ్మం పక్కన నిలబెట్టి వాటిలో గొడుగులు పెడుతున్నారు. మా జాడీకీ అదే గతి పడుతుందని నాకు భయం. పగలూ రాత్రీ అదే భయం.

సెప్టెంబరు 6

అత్తగారు ఇన్నేళ్ళు పంచిన గిన్నెల్లో ఏ ఒక్కరైనా ఒక చుక్క దాచి ఉంటే చాలు, మళ్ళీ తోడేసి పెంచుకోవచ్చనుకున్నాను. అసలు సంగతి చెప్పకుండా అందర్నీ కదిలించాను. ఓక్హీ గిన్నె ప్రతి ఏడూ పండగనాడే నాకేస్తారట. వెనక వీధి టైలరమ్మ అపార్ట్‌మెంటుకి మారింది. ఫోను చేస్తే, "బాల్కనీలో పెట్టా అక్కా, పక్కవాళ్ళు వాసనని గొడవ చేస్తే పారబోశా" అంది.

ఇంక సందులో జాంగ్ జాడీలున్న ఇల్లు ఒక్కటే, ఎదురిల్లు. మా వాకిలి గోడ మీంచి రోజూ కనిపిస్తాయి. ఎండ రాగానే మూతలు తీసి, చినుకు పడకముందే మూసి, ఆ ముసలమ్మ వాటిని పసిపిల్లల్లా చూసుకుంటుంది.

అక్కడికి వెళ్ళను. అత్తగారు వెళ్ళని గుమ్మం.

సెప్టెంబరు 13

వెళ్ళను.

సెప్టెంబరు 19

వెళ్ళాను.

సందులో ఎవరూ లేకుండా చూసుకుని, తెల్లవారుతుండగానే. చిన్న గిన్నె ఒకటి స్వెట్టరు కింద పెట్టుకున్నాను. యోసు అమ్మమ్మ వాకిట్లో కూర్చుని మిరపకాయలు తుడుస్తోంది. ఎనభై ఆరేళ్ళ మనిషి, కళ్ళు మాత్రం డేగ కళ్ళు. ఇన్నేళ్ళుగా రోజూ చూసుకుంటున్న మొహాలే.

"మిరపకాయలు బాగున్నాయి" అన్నాను.

"ఊఁ."

"ఈ ఏడు వానలు ఎక్కువే."

"ఊఁ. స్వెట్టరు కింద ఏందది? కడుపా?"

చల్లకొచ్చి ముంత దాచినట్టయింది నా పని. సిగ్గుతో చచ్చిపోయాను. గిన్నె బయటికి తీసి, కూర్చుని మొత్తం చెప్పేశాను. గుడ్డు, గోరంత ఉప్పు, తెట్టు, వదిన, అన్నీ.

ముసలమ్మ తుడుస్తున్న మిరపకాయ పక్కన పెట్టింది. కోప్పడుతుందనుకున్నాను. పళ్ళు లేని నోటితో నవ్వడం మొదలుపెట్టింది. ఎంతకీ ఆగదే!

"ఎందుకమ్మమ్మా నవ్వుతారు? నా ఇల్లు కూలిపోతుంటే!"

"మీ అత్త గూడా ఇట్లానే వచ్చినాదే. దూది కోటు కింద గిన్నె దాచుకోని. నిలబడి, వాన గురించి గాదు, మంచు గురించి మాట్లాడినాది."

"ఎప్పుడు?" అన్నాను.

"అప్పుడు నువ్వు పుట్టినావో లేదో. ఆ యేడు మంచు ఇంతెత్తు పడినాది. రాత్రికి రాత్రి మీ చూరు మీద మంచు పెంకుల్తో సహా జారి జాడీ మీద పడి, జాడీ రెండు చెక్కలు. మీ అత్తకి అత్త ఒకతి ఉండేది, పులి. ఆ పులి నిద్ర లేచేలోగా ఇంకో జాడీ నిండాల. ఆ రోజుల్లో రాత్రిళ్ళు కర్ఫ్యూ గదా, తెల్లారుజామున అది ఎత్తేసే సైరన్ ఆగీ ఆగకముందే నా తలుపు తట్టినాది. నేను యోసు నుంచి కాపురానికొచ్చి ఏడాది గూడా కాలా. సందులో ఆడోళ్ళంతా నా యాసకి నవ్వేటోళ్ళు. అందరికన్నా గట్టిగా నవ్వేది మీ అత్తే."

"మీరు ఇచ్చారా?"

"ఇయ్యక? అడిగినోళ్ళకి జాంగ్ లేదంటే జాడీ చచ్చిపోద్దని మా అమ్మ చెప్పేది. బిందెడు ఇచ్చినా. నేనే మోసినా, మీ వెనక గోడ దాకా."

అయితే మా అత్తగారు జీవితమంతా పంచిపెట్టిన జాంగ్, రాజుగారి జాంగ్, ఆవిడే "ఉప్పు కషాయం" అని మూతి తిప్పిన ఈ అమ్మమ్మ చేతిది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

"మరి మాటలెందుకు పోయాయి?"

"నన్ను చూస్తే ఆ పొద్దు గుర్తొచ్చేది గామాల. తలొంచుకోని పోయేది. పోనీలే అనుకున్నా. నేను మాత్రం ఎవురికీ చెప్పలా. అడిగినోళ్ళ పేరు బయటపెడితే రేపు ఇంకెవురు అడుగుతారే?" పక్కన పెట్టిన మిరపకాయ మళ్ళీ తీసుకుని, "కానీ బాధైతే పడినా. పండగొస్తే అన్ని గుమ్మాలకీ గిన్నెలు పొయ్యేవి. నా గుమ్మం దాటుకోని పొయ్యేవి. నాకు జాంగ్ లేకనా? ఆ గిన్నె కోసం చూసేదాన్ని" అంది.

నేనూ ఒక మిరపకాయ తీసుకుని తుడిచాను.

గిన్నె చాచాను. ముసలమ్మ తీసుకోలేదు.

"ఇట్లా దొంగమాదిరి వస్తే ఇయ్యను. దాచుకోని తీసుకుపోయినందుకే ఒక మనిషిని పోగొట్టుకున్నా. రేపు పట్టపగలు రా. పెద్ద గిన్నె తెచ్చుకో. ముందు నీ జాడీలో చచ్చినదంతా పారబోసి, కడిగి, గడ్డి మంట పెట్టి పొగ పట్టించు."

సెప్టెంబరు 20

జాడీ కడిగాను. పారబోసేటప్పుడు ఏడుపు ఆగలేదు. గడ్డి కాల్చి జాడీని బోర్లించి పొగ పట్టించాను. ఎండలో పెట్టాను.

మా ఆయన ఇవాళ సెలవు పెట్టారు. "నేనూ వస్తాను" అన్నారు. ఆయన చేతికి బిందె ఇచ్చి, నేను గిన్నె రెండు చేతులా పట్టుకుని గుమ్మం దాటాను. సరిగ్గా అప్పుడే పసుపు జెండా గుంపు సందు మధ్యలో ఉంది. ఎంతలో ఎదురిల్లు? నాలుగు అడుగులు వేస్తే వస్తుంది.

"చూడండి! రెండు వందల ఏళ్ళ జాంగ్ పంచడానికి వెళ్తున్నారు!" అన్నాడు జెండా ఆయన.

ఆగాను. ఇస్త్రీ షాపులోంచి ఓక్హీ తొంగి చూస్తోంది.

"పంచడానికి కాదయ్యా, అడుక్కోవడానికి. నా జాంగ్ పాడైపోయింది. ఉప్పు తక్కువ వేశాను. యోసు అమ్మమ్మ దగ్గర తోడు తెచ్చుకోవడానికి వెళ్తున్నా."

ఆయన జెండా దించాడు. ఓక్హీ చేతిలో ఇస్త్రీపెట్టెతోనే బయటికొచ్చి, "అయ్యో అక్కా! ఎన్నాళ్ళనుంచి? పంచాంగం బాలేదన్న రోజునుంచా?" అంది. అవునన్నాను. "పిచ్చిదానా, నాతో చెప్తే ఆ రోజే నేను అడిగిపెట్టేదాన్నిగా!" అని అందరి ముందూ తిట్టింది. ఆ తిట్లు ఎంత హాయిగా ఉన్నాయో రాయలేను. నేను అత్తగారి ఊసు మాత్రం ఎత్తలేదు. అది నేను చెప్పాల్సింది కాదు.

యోసు అమ్మమ్మ గిన్నెడు పాతదీ, బిందెడు ఈ ఏటిదీ ఇచ్చింది. మా ఆయన మోశారు. ఇంటికొచ్చి జాడీలో పోసి వేలు ముంచాను. అచ్చం అత్తగారి జాంగ్ కాదు. దానికన్నా ఉప్పన. కానీ మింగాక గొంతులో ఒక చిన్న తీపి మిగులుతుంది చూడండి, ఆ తీపి మాదే. ఆవిడ పొయ్యి ముందు నిలబడి గరిటె నా నోటికి అందించినట్టే అనిపించింది. బతికింది. జాంగ్ బతికింది.

ఇంక వదిన సంగతి చూడాలి.

అక్టోబరు 5

వదిన వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా జాడీ దగ్గరికే వెళ్ళింది. మూత తీసింది, వేలు ముంచింది. నేను వంటింటి గుమ్మంలో చేమదుంపలు పట్టుకుని నిలబడ్డాను.

"ఇది మన జాంగ్ కాదు."

నా తప్పు నేను చెప్పాను. గుడ్డు దగ్గర్నుంచి జెండా ఆయన దాకా. యోసు అమ్మమ్మ పేరు వినగానే వదిన మొహం ఎర్రబడింది.

"ఆ గుమ్మం తొక్కావా? ఆ ఇంటిది తెచ్చి రేపు అమ్మ ముందు పెడతావా? అమ్మ ఆవిడ నీడ కూడా తొక్కలేదే! అమ్మకి ఎంత అవమానం! పోసినదంతా తీసుకెళ్ళి తిరిగిచ్చేయ్. చారే వద్దు రేపు. చారు లేకుండానే పెడదాం!"

ఊరుకుందామనే అనుకున్నాను. కానీ తిరిగిచ్చేయ్ అనేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది.

"మీ అమ్మే తొక్కింది వదినా ఆ గుమ్మం! నాకన్నా ముందు మీ అమ్మే తొక్కింది! పెంకులు పడి జాడీ పగిలితే, ఆవిడ దగ్గరే అడుక్కుని తెచ్చుకుంది. ఇన్నేళ్ళూ మనం తిన్నది ఆవిడ జాంగే!"

అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను.

వదిన అరవలేదు. వసారా అరుగు మీద మెల్లగా కూర్చుంది. "ఎవరు చెప్పారు?" అంది.

"అమ్మమ్మే. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదట."

"ఆ పెంకులు నేనే ఏరాను" అంది వదిన. "తొమ్మిదేళ్ళు నాకు. మంచు మీద జాంగ్ నల్లగా పారింది. అమ్మ నా నోరు మూసి, జాడీ ముక్కలు సందులో బావి పక్కన నాచేత పూడ్పించింది. తర్వాత ఎటో వెళ్ళింది. నాయనమ్మ లేచేసరికి ఇంకో జాడీ నిండుగా ఉంది. ఎక్కడిదని అడగడానికి నాకు ధైర్యం లేకపోయింది. బజారు జాంగ్ సీసాలు కొనుక్కొచ్చి పోసిందనుకున్నానే మ్యోంగ్రే."

"ఇప్పటిదాకా అలాగే అనుకున్నారా?"

"ఇప్పటిదాకా. అందరూ మీ జాంగ్, మీ జాంగ్ అని పొగిడితే నేను మొహం తిప్పుకునేదాన్ని. ఎవరైనా కనిపెట్టేస్తారని ముందే అందరి మీదా అరిచేదాన్ని. నీ మీద కూడా." కళ్ళు తుడుచుకుంది. "అయితే అది నిజం జాంగేనా?"

"నిజం జాంగే వదినా."

"సీసాలది కాదుగా?"

"కాదు. యోసు అమ్మమ్మ వాళ్ళమ్మ జాడీది."

"నిజం జాంగే" అని తనలో తను అనుకుంది. తర్వాత వేలు కాదు, గరిటె ముంచి తాగింది. చేమదుంపలు నా చేతిలోంచి లాక్కుని, చెక్కు తీయడం మొదలుపెట్టింది. నేను తీసే పద్ధతి బాలేదని తిట్టింది కూడా.

అక్టోబరు 6, చుసోక్

పొద్దున్నే బల్ల పెట్టాం. పళ్ళు, కొత్త బియ్యం కుడుములు, చేపలు, అత్తగారి ఫొటో ముందు చేమదుంపల చారు. మా ఆయనకి నేలకి తల ఆనించి దండం పెట్టి లేవడానికి చాలాసేపు పట్టింది. వదిన చారు వైపే చూస్తూ కూర్చుంది.

అంతా అయ్యాక, మేము తినకముందే, వదిన లేచి మంచి గిన్నె ఒకటి తీసి చారు నింపింది. మూత పెట్టింది. "పద" అంది.

సందులో ఎవరూ లేరు. పండగపూట జెండాలు కూడా ఉండవు. ఎదురు గుమ్మం ముందు వదిన ఆగిపోయింది.

"ఏమని పిలవాలే? ఈవిడని నేను ఎప్పుడూ పిలవలేదు."

"నేను అమ్మమ్మ అంటాను. మీ అమ్మ ఈడు మనిషి కదా, మీ ఇష్టం."

వదిన గొంతు సవరించుకుంది. తర్వాత సందంతా వినిపించేట్టు పిలిచింది.

"అత్తయ్యా! నేను బోక్సున్ని!"

లోపల గొళ్ళెం చప్పుడు. యోసు అమ్మమ్మ పండగ బట్టల్లో ఉంది. వదిన మొహం చూసింది, గిన్నె చూసింది, మా ఇంటి గుమ్మం వైపు ఒకసారి చూసింది.

"మీ అమ్మ పంపించినాదా?"

వదిన గిన్నె రెండు చేతులా ముందుకి చాచింది.

"అవునత్తయ్యా. అమ్మే పంపించింది. కాస్త ఆలస్యమైంది."

ముసలమ్మ గిన్నె అందుకుని, మూత తీసి వాసన చూసింది.

"ఏం ఆలస్యంలే, ఇంకా పొగలొస్తానే ఉండాయి గదా. లోపలికి రాండి."